టాలిల్లిన్ రైల్వే

టాలిల్లిన్ రైల్వే వేల్స్ పడమటి తీరంలోని టవిన్ పట్టణం నుంచి కొండల్లోని నాంట్ గ్వెర్నోల్ దాకా 7 మైళ్ల పైచిలుకు సాగే నారోగేజ్ లైను. పట్టాల మధ్య ఎడం 2 అడుగుల 3 అంగుళాలు. 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు దీని నిర్వహణను చేపట్టారు. ఇలా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా నిలిచిన రైల్వేల్లో ప్రపంచంలోనే ఇది మొదటిది. పాత ఇంజన్లు తుక్కు సామాను కొట్టు పాలు కాకుండా ఆపిన ఉద్యమంగా దీన్ని చెప్పుకోవడం పరిపాటి. కానీ ఇంజన్లను ఏ మ్యూజియమైనా దాచగలదు. ఇక్కడ దక్కింది అంతకంటే పెద్దది: చట్టం గుర్తించిన కంపెనీ, దాని రోజువారీ పని, ఆ పని తెలిసిన మనుషులు. బండి ఆగిపోకముందే వాళ్లు రావడం వల్లనే ఇదంతా దక్కిందని ఈ రైల్వే చరిత్ర నిరూపిస్తుంది.

ఈ లైను పుట్టుకకు మూలం పత్తి కరవు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యాక లాంకషైర్ మిల్లులకు పత్తి రాక పడిపోయింది. మాంచెస్టర్‌లో నూలు మిల్లులున్న మెకానెల్ కుటుంబం పెట్టుబడిని మరో దారికి మళ్లిస్తూ బ్రిన్ ఎగ్లుయిస్ పలకరాతి గనిని చేపట్టింది. ఇంటి కప్పులకు వాడే ఆ పలకలను తీరానికి చేర్చడానికే 1865లో పార్లమెంటు చట్టం ద్వారా రైల్వే కంపెనీ ఏర్పడింది. ఇంజనీరు జేమ్స్ స్విన్టన్ స్పూనర్. వైట్‌హేవెన్‌లోని ఫ్లెచర్ జెన్నింగ్స్ కార్ఖానా నుంచి రెండు ఆవిరి ఇంజన్లు వచ్చాయి: 1864 నాటి 'టాలిల్లిన్', 1866 నాటి 'డోల్‌గోఖ్'. 1866లో ప్రభుత్వం తరఫున తనిఖీకి వచ్చిన కెప్టెన్ టైలర్, వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య చాలినంత సందు లేదని తేల్చాడు. కంపెనీ వంతెనలను తిరిగి కట్టలేదు. వాటి కింద పట్టాలను ఒక పక్కకు జరిపి, ఇరుకైన వైపు పెట్టెల తలుపులు శాశ్వతంగా మూసేసింది. నేటికీ ఈ బండి ఎక్కాలన్నా దిగాలన్నా ఒక వైపే. గని ఆశించినంత లాభం తేలేదు. కొత్తవి కొనే స్తోమత లేక కంపెనీ 80 ఏళ్లు ఆ రెండు ఇంజన్లతోనే నెట్టుకొచ్చింది. పేదరికమే ఈ రైల్వేను మార్పుల బారిన పడకుండా ఉంచిందంటే అతిశయోక్తి కాదు.

1911లో స్థానిక పార్లమెంటు సభ్యుడు హెన్రీ హేడన్ జోన్స్ గనినీ రైల్వేనూ కొన్నాడు. 1946 చివర్లో గని కూలి మూతపడింది. మోయడానికి పలకలు లేకపోయినా, తాను బతికున్నంత కాలం బండి తిరుగుతుందన్న మాట ఆయన నిలబెట్టుకున్నాడు. 1947 రవాణా చట్టం కింద జాతీయం చేసిన రైల్వేల్లో ఇది చేరలేదు. అది అదృష్టమే. జాతీయమైన పొరుగు లైను కోరిస్ 1948లోనే మూతపడింది. 1950 జులైలో హేడన్ జోన్స్ మరణించాడు. ఆ వేసవి ముగిసేదాకా బండి నడిచింది. అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో రచయిత, ఇంజనీరు టామ్ రోల్ట్ చొరవతో జరిగిన సమావేశంలో పరిరక్షణ సంఘానికి బీజం పడింది. అంతకు ముందు కాలువల రక్షణకు సంఘం పెట్టినవారిలో రోల్ట్ ఒకడు. హేడన్ జోన్స్ భార్య వాటాలను బదలాయించడంతో 1865 చట్టం ఇచ్చిన హక్కులతో సహా కంపెనీ చెక్కుచెదరకుండా చేతులు మారింది. 1951 మే 14న కొత్త యాజమాన్యం మొదటి బండి బయల్దేరింది. ఒక్క వేసవి కూడా తప్పిపోలేదు. ఈ చరిత్రలో అన్నింటికంటే బరువైన వాస్తవం ఇదే.

వాళ్ల చేతికొచ్చిన లైను స్థితి దయనీయం. స్లీపర్లు చాలావరకు కుళ్లిపోయాయి. పలుచోట్ల పట్టాలను చెదరకుండా పట్టి ఉంచినది చుట్టూ పెరిగిన గడ్డి. నడిచే ఇంజను 'డోల్‌గోఖ్' ఒక్కటే. కోరిస్ గేజ్ కూడా ఇదే కావడంతో అక్కడి రెండు ఇంజన్లను బ్రిటిష్ రైల్వేస్ నుంచి ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. వాటిలో ఒకదాన్ని, 'సర్ హేడన్'ను, పట్టాలెక్కిస్తే పదేపదే కిందికి జారింది. చూడగా, పట్టాల ఎడం అసలు కొలత కంటే అర అంగుళం ఎక్కువగా ఉంది. పొడవైన చక్రాల అమరిక గల పాత ఇంజను మలుపులు తిరగడానికి వీలుగా అలా వేశారు. కాగితం మీది గేజ్ ఒకటి, నేల మీది గేజ్ మరొకటి. బండి నడిపి చూస్తే గాని బయటపడని ఇలాంటి జ్ఞానం అద్దాల పెట్టెలో దాచిన ఇంజను ఎన్నటికీ ఇవ్వలేదు. రెండో ఇంజను 'ఎడ్వర్డ్ థామస్'ను లీడ్స్‌లోని హన్స్‌లెట్ కంపెనీ ఉచితంగా బాగుచేసి ఇచ్చింది.

ఈ వాదానికి మొదటి అభ్యంతరం: పట్టాలు కొత్తవి, స్లీపర్లు కొత్తవి, బాయిలర్లు కొత్తవి అయ్యాక మిగిలిన వారసత్వం ఏది? అరిగినవి మార్చడం రైల్వే నిత్యకృత్యం. హేడన్ జోన్స్ చేతిలో డబ్బుంటే ఆయనా అదే చేసేవాడు. దారి, వంతెనలు, ఒంటివైపు తలుపులు, పని పద్ధతి నిలిచినంత కాలం భాగాల మార్పు ఆ రైల్వే జీవితంలో భాగమే. రెండో అభ్యంతరం మరింత గట్టిది: ఆగిన లైన్లు మళ్లీ నడవలేదా? నడిచాయి, ఫెస్టినియోగ్ అందుకు పెద్ద ఉదాహరణ. 1946లో ఆగిన ఆ లైను 1955లో మళ్లీ కదిలింది. జలవిద్యుత్ పథకం దారిని ముంచేస్తే కార్యకర్తలు కొండ చుట్టూ కొత్త దారి తవ్వి, 1982లో బ్లెనా ఫెస్టినియోగ్ చేరారు. అయితే అక్కడ పట్టాలు పెరకలేదు, పాత కంపెనీ రద్దు కాలేదు. ఆ రెండూ పోయినచోట ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని లింటన్-బార్న్‌స్టేపుల్ చెబుతుంది: 1935లో మూసి పట్టాలు పెరికేసిన ఆ లైనులో బండి తిరిగి నడిచింది 2004లో, అదీ కొద్ది దూరమే. కోరిస్‌లోనూ ప్రయాణికులు ఎక్కడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది. ఫెస్టినియోగ్ నా వాదాన్ని సవరిస్తుందే తప్ప కొట్టేయదు: బండి ఆగినా, దారీ హక్కూ ఆగకూడదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అనే విమర్శలో కొంత నిజముంది. యుద్ధానంతర బ్రిటన్‌లో జీతంతో కూడిన సెలవులు, పనితనం తెలిసిన మధ్యతరగతి లేకపోతే ఈ ప్రయత్నం సాగేది కాదు. నేడు జీతగాళ్లూ పనిచేస్తున్నారు. ప్రజలు రోజూ వాడే లైనుకు ఈ పద్ధతి పనికిరాదు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి గుణుపురం వెళ్లిన 2 అడుగుల 6 అంగుళాల పర్లాకిమిడి లైను 1900లో మొదలై, 2004లో గేజ్ మార్పిడి కోసం ఆగింది. అక్కడి ఊళ్లకు కావలసింది వేగంగా వెళ్లే పెద్ద బండి. దాన్ని కాదని చిన్న బండిని అట్టేపెట్టమనడం అన్యాయం. గని మూతపడ్డాక టాలిల్లిన్ ఎవరికీ అత్యవసరం కాలేదు, అందుకే ఇష్టపడినవాళ్లకు చోటు దొరికింది.

ఆ ఇష్టం పాతదాన్ని కాపాడటంతో సరిపెట్టుకోలేదు. గని సరుకు మాత్రమే వెళ్లే పై భాగాన్ని ప్రయాణికులకు తగ్గట్టు మలిచి, 1976 మే 22న నాంట్ గ్వెర్నోల్ స్టేషను తెరిచారు. రెవరెండ్ డబ్ల్యూ. ఆడ్రీ ఇక్కడ స్వచ్ఛందంగా పనిచేసి, ఈ లైను ఆధారంగా పిల్లల కథల్లో స్కార్లోయ్ రైల్వేను సృష్టించాడు. 2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, బ్రిన్ ఎగ్లుయిస్ గని, కార్మికుల ఊరు అబర్గినోల్విన్‌తో పాటు ఈ రైల్వే కూడా అందులో చేరింది. గని మూతపడి అప్పటికి 75 ఏళ్లు. దానికోసం వేసిన లైను మీద మాత్రం 1864 నాటి ఇంజను ఇంకా ఉంది.