లారీ ఎక్కిన ఫిరంగి

1942 ఏప్రిల్ 6. విమానవాహక నౌక ర్యూజో మీంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసి వెళ్లాయి. అప్పటి బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ భయానికే ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. తెనాలి, బాపట్ల, రేపల్లెలకు యుద్ధం అంత దగ్గరకొచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 12న, తెనాలిలో తూటాలు పేలాయి కూడా. అయితే అవి జపాన్‌వి కావు. క్విట్ ఇండియా అంటూ కదిలిన జనం మీద తెల్లదొరల పోలీసులు కాల్చినవి. నేలకొరిగిన ఏడుగురిని రణరంగ చౌక్ నేటికీ గుర్తుచేస్తుంది.

మరి మన ఆకాశం దాకా వచ్చిన జపాన్ తన సైన్యం నెత్తిన ఏ గొడుగు పట్టింది?

దాని దగ్గర 98 రకం అనే 20 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక ఫిరంగి ఉండేది. జపాన్ శకం ప్రకారం 1938 అంటే 2598. చివరి రెండంకెలే ఆ పేరు. బరువు 400 కిలోల లోపే. రెండు చక్రాల మీద గుర్రాలో బండ్లో లాక్కెళ్లాలి, ఆపాలి, కాళ్లు పరిచి నేలకు దించాలి, ఆ తర్వాతే నిలకడైన గురి. తక్కువ ఎత్తులో దూసుకొచ్చే విమానం అంతసేపు ఆగుతుందా? పెళ్లివారి వెంట మేళంలా ఫిరంగి కూడా సైన్యంతో పాటే నడవాలి. అందుకే దాన్ని ఆరు చక్రాల 94 రకం లారీ మీద బిగించారు. లారీ పక్క తలుపులు కిందికి వాల్చితే అవే సిబ్బంది నిలబడే అరుగులు. గుళ్ల పెట్టెలో పట్టేది 20. లెక్కకు నిమిషానికి 300 గుళ్లు కాల్చగలదు కాబట్టి, మీట నొక్కిపడితే నాలుగు సెకన్లలో పెట్టె ఖాళీ. పెట్టెలు మార్చే వాడి చేతివేగమే దాని అసలు వేగం. ఆచరణలో నిమిషానికి 120 దగ్గరే ఆగేది. ఇక కవచమా, మామూలు లారీకి ఉన్నంతే!

ఆ గుళ్లు మూడున్నర కిలోమీటర్ల ఎత్తుకు మించి అందేవి కావు. 1944లో అమెరికా దించిన బి-29 బాంబర్లేమో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున ఎగరగలవు. వాటి స్థావరాల్లో ముఖ్యమైనది ఖరగ్‌పూర్. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగువాళ్లతో నిండిన ఊరది. అక్కడి దళాలే చైనా మీదుగా వెళ్లి ఆ ఏడు జూన్ 15 రాత్రి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేశాయి. లారీ ఫిరంగి ఉపయోగం రోడ్డు మీద సాగే దండుకే తప్ప ఊళ్లకు కాదు.

ఆలోచన మాత్రం మంచిదే, నా లెక్కలో. ఎత్తు చాలలేదు గానీ, కదిలే బండి మీంచే ఆకాశాన్ని కాచుకోవాలన్న పట్టు సరైనది. నేడు అదే పని బాపట్ల పక్కన సూర్యలంక వైమానిక దళ కేంద్రంలో సాగుతోంది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు చక్రాల లాంచర్ల మీద తిరుగుతాయి. ఒక్కో లాంచర్‌కు మూడేసి. 2023 డిసెంబరులో ఒకే ఆకాశ్ యూనిట్, రెండు లాంచర్లతో, 25 కిలోమీటర్ల దూరంలోని నాలుగు లక్ష్యాలను ఒకేసారి కూల్చింది సూర్యలంక నుంచే.