తెర రెప్పలు కొట్టిన వారం

2022 సెప్టెంబరు నెలాఖరు. మన ఊళ్లలో దసరా సందడి. అదే సమయంలో దేశదేశాల్లో కొందరు లినక్స్ వాడకందార్లు తమ లాప్‌టాప్‌ల ముందు నోరెళ్లబెట్టి కూర్చున్నారు.

అంతకుముందు వాళ్లు చేసిందల్లా ఒక్కటే. కంప్యూటర్‌ను అప్‌డేట్ చేశారు. సెప్టెంబరు 28న లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో 5.19.12 కూర్పు విడుదలైంది. పెద్ద హంగులేమీ లేని మరమ్మతు కూర్పు అది. కెర్నెల్ మనుషులు ఇలాంటివాటిని ‘స్టేబుల్’ అంటారు. ఆ పేరు చూశాక ఎవరూ రెండోసారి ఆలోచించరు. ఆర్చ్ లినక్స్ వంటి లినక్స్ పంపిణీలు కొత్త కూర్పును వచ్చింది వచ్చినట్టే వాడకందార్ల చేతికి ఇచ్చేస్తాయి.

రీస్టార్ట్ నొక్కారు. కంపెనీ లోగో వచ్చింది, పోయింది. ఏ కెర్నెల్‌తో బూట్ చేయాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వచ్చింది, పోయింది. ఇక లాగిన్ తెర రావాలి. దాని బదులు తెల్లటి మెరుపు. వెంటనే మరొకటి. ఆ మీద ఆగకుండా వరస మెరుపులు. తొంభైల నాటి డాన్సు పార్టీలో లైట్లలా ఉందని రాశారు ఒకరు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే వరస.

ఎవరికైనా గుండె జారుతుంది. ప్యానెల్ పోయిందా? లోపల కేబుల్ ఊడిందా? రిపేరు షాపుకెళ్తే ఎంతవుతుంది?

రెండు ఆధారాలు

కాస్త నిదానించి చూసినవాళ్లకు ఒక సంగతి తట్టింది. లోగో బాగానే కనిపించింది. మెనూ కూడా చక్కగా కనిపించింది. ప్యానెలే పోయి ఉంటే అవెలా వస్తాయి?

లాప్‌టాప్ ఆన్ అయిన మొదటి క్షణాల్లో తెర బాధ్యత బయోస్‌ది, అంటే మదర్‌బోర్డు మీదే ఉండే ఫర్మ్‌వేర్‌ది. ఆ తర్వాత కెర్నెల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ పగ్గాలు అందుకుని, రిజల్యూషన్ ఎంత, తెరకు సంకేతాలు ఎలా పంపాలి అన్నది తానే చూసుకుంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ విషయంలో ఈ ఏర్పాటు 2009లో, 2.6.29 కెర్నెల్‌తో వచ్చింది. బూటింగ్‌లో తెర నల్లబడినా, చెదిరినా, మిణుకుమన్నా చాలాసార్లు గొడవంతా ఈ చేతులు మారే చోటే ఉంటుంది.

రెండో ఆధారం పాత కెర్నెల్. ఫెడోరా, ఉబుంటు వంటివి పాత కెర్నెల్‌ను చెరిపేయకుండా మెనూలో అట్టేపెడతాయి. ఆర్చ్‌లో మామూలుగా ఆ సదుపాయం ఉండదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్కులో మిగిలున్న పాత ప్యాకేజీని మళ్లీ ఎక్కించుకోవాలి. ఆ తిప్పలేవో పడి పాత కెర్నెల్‌కు మళ్లగానే తెర కుదుటపడింది. అదే లాప్‌టాప్, అదే ప్యానెల్, అదే కేబుల్. మారింది కెర్నెల్ ఒక్కటే.

ఫిర్యాదులు పోగయ్యాయి. ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్‌లు కొన్నవాళ్లు మిగతావాళ్లను హెచ్చరించారు, 5.19.12 జోలికి పోవద్దని. దెబ్బతిన్నవాటన్నిటిలో ఉన్నది ఇంటెల్ గ్రాఫిక్సే.

లాగ్‌లో దొరికిన తప్పుడు అంకెలు

ఫిర్యాదులతోపాటు కెర్నెల్ లాగ్‌లు కూడా వచ్చాయి. వాటిని చదివిన విల్లె సిర్యాలా ఇంటెల్‌లో ఈ గ్రాఫిక్స్ డ్రైవర్ మీదే పనిచేసే ఇంజినీర్. ఆయన కన్ను పడింది మెరుపుల మీద కాదు, వ్యవధుల మీద.

లాప్‌టాప్ తెరకు అన్నీ ఒక్కసారిగా అందించకూడదు. మొదట ప్యానెల్ సర్క్యూట్‌కు కరెంటు. కొద్ది వ్యవధి ఇచ్చి బొమ్మ సంకేతాలు. మరికాస్త ఆగి బ్యాక్‌లైట్. ఆర్పేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. ఒకసారి కరెంటు తీశాక వెంటనే మళ్లీ ఇవ్వకూడదు, కొన్ని ప్యానెళ్లకు అర సెకను దాకా విరామం కావాలి. ఏ ప్యానెల్‌కు ఎన్ని మిల్లీసెకన్లు అన్నది బయోస్‌లో వీబీటీ అనే పట్టికలో రాసి ఉంటుంది. ఒకే మోడల్ లాప్‌టాప్‌లో వేర్వేరు ప్యానెళ్లు బిగించవచ్చు కనుక ఆ పట్టికలో 16 రకాల దాకా వివరాలు పడతాయి. అందులో తన ముందున్న ప్యానెల్ ఏదో పోల్చుకుని, దాని అంకెలే తీసుకోవడం డ్రైవర్ పని.

ఆ పట్టికను చదివే పద్ధతిని 6.0 కెర్నెల్ కోసం తిరగరాశారు. ఆ మార్పుల్లో కొన్నిటిని 5.19.12లోకి కూడా దింపారు. అక్కడి పాత కోడ్‌తో అవి పొసగలేదు. ఫలితంగా కొన్ని లాప్‌టాప్‌లలో డ్రైవర్ చేతికి అర్థంలేని వ్యవధులు వచ్చాయి.

అప్పటిదాకా అందరూ కళ్లు చెదిరే చికాకు అనుకున్నది ఇక్కడ మలుపు తిరిగింది. ఈ తప్పుడు వ్యవధులు ఎల్‌సీడీ ప్యానెల్‌కే హాని చేయవచ్చని సిర్యాలా తేల్చారు. ఈ మార్పుల్ని తక్షణం వెనక్కి తీసుకోవాలి, వీలైనంత త్వరగా కొత్త కూర్పు విడుదల చేయాలి, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌ల వాళ్లెవరూ 5.19.12ను వాడొద్దు అని స్టేబుల్ కూర్పుల బాధ్యుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌కు రాశారు.

అక్టోబరు 4న 5.19.13 వచ్చింది. పెట్టిన మార్పుల్ని తీసేయడమే దాని పని. స్టేబుల్ కూర్పు వచ్చినప్పుడు మామూలుగా ‘అందరూ తప్పక అప్‌గ్రేడ్ చేసుకోవాలి’ అని రాసే క్రోవా-హార్ట్‌మన్, ఈసారి మాత్రం 5.19.12తో ఇబ్బంది లేనివాళ్లకు దీని అవసరం లేదని రాశారు. మెరుపులు మొదలై వారం కూడా తిరగకముందే కథ ముగిసింది.

ఇంత త్వరగా ముగియడానికి కారణం ఎవరో మహా కోడ్ రాయడం కాదు. వాడకందార్లు ‘పాడైంది’ అని ఊరుకోక లాగ్ పంపారు. ఆ లాగ్ డ్రైవర్ రాసేవాడి కంటపడింది. తప్పని తేలాక, దాని మీద ఇంకో అతుకు వేయకుండా తీసేశారు. కోడ్ బాహాటంగా ఉంటే తప్పులు దొర్లవని కాదు. దొర్లినప్పుడు, దెబ్బతిన్నవాడికీ దిద్దేవాడికీ మధ్య గోడ ఉండదు.

మీ తెర ఇలా చేస్తే

లోగో కనిపించి, ఆ తర్వాతే తెర చెడితే వెంటనే స్క్రూడ్రైవర్ వెతక్కండి. తెర అదేపనిగా మెరుస్తుంటే అలాగే వదిలేయకుండా ఆపేయండి. గ్రబ్ మెనూలో గానీ, అందులోని ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో గానీ కనిపించే పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడండి.

పాత కెర్నెల్ లేకపోతే మెనూలో ‘ఈ’ (e) మీట నొక్కి, ‘లినక్స్’ (linux) అనే మాటతో మొదలయ్యే వరస చివర ‘నోమోడ్‌సెట్’ (nomodeset) అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ పగ్గాలు అందుకోకుండా ఆగుతుంది. బొమ్మ ముతకగా ఉండొచ్చు, బ్రైట్‌నెస్ మారకపోవచ్చు. ఇది ఆ ఒక్క బూటింగ్‌కే వర్తిస్తుంది, శాశ్వత వైద్యం కాదు. డెస్క్‌టాప్ దాకా చేరితే చాలు, అక్కడినుంచి కెర్నెల్‌ను మార్చుకోవచ్చు.

తెర బాగున్న కెర్నెల్ నంబరు, చెడిన కెర్నెల్ నంబరు, రెండూ కాగితం మీద రాసుకోండి. సాయం చేయగలవాళ్లు మొట్టమొదట అడిగేది ఆ రెండు అంకెలే.