దఫ్తరు భాష – ప్రజల బ్రతుకు

హజ్జాజ్ బిన్ యూసుఫ్ ఇరాక్ గవర్నరుగా ఉన్న కాలమది (694–714). పాలకులు అరబ్బులే. కాని శిస్తు లెక్కలు మాత్రం సాసానీయుల కాలంలో మాదిరిగానే ఫార్సీలో సాగుతుండేవి. దీవాను పెద్ద జాదాన్‌ఫర్రూఖ్ ఇరానీయుడు. ఆయన క్రింద పనిచేసే గుమాస్తాలలో సాలిహ్ బిన్ అబ్దుర్రహ్మాన్ ఒకడు. ఇతని తండ్రి సిజిస్తాన్ నుండి బందీగా వచ్చినవాడు. సాలిహ్‌కు ఫార్సీ, అరబీ రెండూ సమానంగా వచ్చు. జాదాన్‌ఫర్రూఖ్ హతుడైన తరువాత, లెక్కలను అరబీలోకి మార్చే బాధ్యతను హజ్జాజ్ సాలిహ్‌కే అప్పగించాడు.

జాదాన్‌ఫర్రూఖ్ కుమారుడు మర్దాన్‌షాహ్‌కు ఈ సంగతి తెలిసింది. పదో వంతును, ఇరవయ్యో వంతును చెప్పే ఫార్సీ మాటలను అరబీలో ఎలా వ్రాస్తావని అతడు సాలిహ్‌ను నిలదీశాడు. సాలిహ్ తడుముకోకుండా అరబీ మాటలు చెప్పాడు. ఈ పని తనకు చేతకాదని హజ్జాజ్‌తో చెప్పితే లక్ష దిర్హములు ఇస్తామని ఇరానీ గుమాస్తాలు ఆశ చూపారు. సాలిహ్ ఒప్పుకోలేదు. ఫార్సీ వేరును నరికినట్లే నీ వేరు కూడా నరికివేయబడుగాక అని మర్దాన్‌షాహ్ శపించాడట. ఈ వృత్తాంతాన్ని బలాజురీ తన ‘ఫుతూహుల్ బుల్దాన్’లో భద్రపరిచాడు.

దమిష్క్‌లోనూ ఇదే జరిగింది. ఖలీఫా అబ్దుల్ మలిక్ (685–705) ఆజ్ఞతో అక్కడి లెక్కలు గ్రీకు నుండి అరబీలోకి మారాయి. పాత దీవాను అధికారి సర్జూన్ క్రైస్తవుడు. ఆయన తన తోటి గ్రీకు గుమాస్తాలతో, ఈ వృత్తి ఇక మీకు లేదు, వేరే జీవనోపాధి వెతుక్కోండని చెప్పినట్లు అదే గ్రంథం తెలుపుతుంది.

చరిత్రకారులు ఈ మార్పును ఒక పరిపాలనా సంస్కరణగా పేర్కొని ముందుకు సాగుతారు. సామ్రాజ్యానికి ఒకే భాష, ఒకే నాణెం ఏర్పడటం నిజంగానే పెద్ద విజయం. కాని ఆ దఫ్తరులో కూర్చున్నవాని వైపు నుండి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. తండ్రి నుండి కొడుకుకు వచ్చిన విద్య ఒక్క ఆజ్ఞతో విద్య కాకుండా పోయింది. మరోవైపు, అరబీ నేర్చిన అరబేతరులకు కొత్త ద్వారాలు తెరుచుకున్నాయి. అరబీ వ్యాకరణానికి మూలస్తంభమైన సీబవైహ్ ఇరానీయుడన్నది గమనార్హం. అధికారం భాషను మారుస్తుంది, భాష జీవనోపాధిని మారుస్తుంది, జీవనోపాధి గౌరవాన్ని మారుస్తుంది. ఈ క్రమాన్ని తెలుగు నేల మీది ముస్లిముల చరిత్ర కూడా చూసింది, అదీ రెండు వైపుల నుండి.

గోల్కొండ నుండి ఉస్మానియా వరకు

ఇబ్రాహీం కుతుబ్‌షా (1550–1580) రాజు కాకముందు ఏడు సంవత్సరాలు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. తెలుగుపై ఆయనకు ఏర్పడిన అభిమానం సింహాసనం ఎక్కిన తరువాత కూడా తగ్గలేదు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్‌ఖాన్, పొన్నిగంటి తెలగనార్యుని అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’కు కృతిభర్త. కుతుబ్‌షాహీ ఫర్మానాలు కొన్ని ఫార్సీ, తెలుగు రెండింటిలోనూ వెలువడ్డాయి. పాలకుని మతం వేరైనా, రైతు తన భాషలో రాజాజ్ఞను వినగలిగాడు.

1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత దఫ్తరులో ఫార్సీ ఆధిపత్యం స్థిరపడింది. ఆసఫ్‌జాహీల కాలంలోనూ అదే సాగింది. మొదటి సాలార్‌జంగ్ 1883లో మరణించే వరకు ఫార్సీనే నిలిపాడు. మరుసటి యేడు, 1884లో, ఉర్దూ అధికార భాష అయింది. 1901 జనాభా లెక్కల నాటికి ఆ రాజ్యంలో నూటికి 46 మంది తెలుగు, 26 మంది మరాఠీ, 14 మంది కన్నడం మాట్లాడేవారు. ఉర్దూ మాట్లాడేవారు సుమారు 10 మంది.

ఉర్దూ సాధించినదాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది. ఇంగ్లీషు రానిదే ఉన్నత విద్య లేదన్న రోజులలో రసాయన శాస్త్రాన్ని, వైద్యాన్ని, న్యాయశాస్త్రాన్ని ఒక భారతీయ భాషలో బోధించిన మొదటి ఆధునిక విశ్వవిద్యాలయం అది. మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యాన ఏర్పడిన దారుల్ తర్జుమా వందలాది గ్రంథాలను అనువదించింది. పారిభాషిక పదాలను అరబీ, ఫార్సీల నుండే తీసుకోవాలా, దేశీయ ధాతువుల నుండి కూడా నిర్మించాలా అన్న చర్చ అక్కడ తీవ్రంగా సాగింది. వహీదుద్దీన్ సలీం 1921లో ఈ విషయంపై ఒక గ్రంథమే ప్రకటించాడు.

పరభాషలో చదివితే విద్య జీర్ణం కాదన్నదే ఈ మహా ప్రయత్నానికి ఆధారమైన సూత్రం. కాని ఆ సూత్రం ఉర్దూ దగ్గరే ఆగిపోయింది. నల్లగొండ, వరంగల్లు పల్లెల బాలునికి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ కూడా అంతే పరాయిది. ఆ బాలుడు హిందువే కానక్కరలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిములు తెలుగు నేలపై ఎప్పుడూ ఉన్నారు. దూదేకులవారు ఇందుకు నిదర్శనం. ఉర్దూ రాని ముస్లింను సంపూర్ణ ముస్లింగా గౌరవించని వైఖరి సమాజం లోపలనే పెరిగింది. ఏ ఫర్మానా అలా శాసించలేదు. దఫ్తరు గౌరవించిన దానినే జనం కూడా గౌరవించడం అలవాటు చేసుకున్నారు.

1921 నాటి సభ

ఈ అలవాటు ఎంత దూరం పోగలదో 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభ చూపింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలను సభ్యులు సావధానంగా విన్నారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా గేలి చేశారు. అక్కడ ప్రభుత్వాజ్ఞ లేదు, పోలీసులు లేరు. గేలి చేసినవారిలో తమ భాష కూడా దఫ్తరుకు ఎక్కని మరాఠీలు ఉన్నారు. పైనుండి వచ్చిన చిన్నచూపును క్రిందివారు మరింత క్రిందివారిపై చూపడం సమాజంలో తరచు జరిగేదే. ఆ రాత్రే కొందరు సమావేశమై ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. వారిలో ఒకరైన బూర్గుల రామకృష్ణారావు ఫార్సీ పండితుడు, తరువాత ‘పారశీక వాఙ్మయ చరిత్ర’ వ్రాసినవాడు. ఆయన కోరింది తన భాషకు చోటే గాని, మరొక భాష నాశనం కాదు.

1948 తరువాత

1948 సెప్టెంబరు సైనిక చర్యతో అధికారం చేతులు మారింది. ఆ రోజులలో జరిగిన హింసలో 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. ప్రాణాలతో మిగిలిన ఉర్దూ విద్యావంతునికి మర్దాన్‌షాహ్ ఎదుర్కొన్న రోజే ఎదురైంది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. నిన్నటి వరకు మున్షీగిరి చేసిన చేయి నేడు అర్జీ వ్రాయించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి పోవలసి వచ్చింది. 1966 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అధికార భాష అయింది. ఒకనాడు తెలుగును మోటు భాష అన్న చిన్నచూపు దిశ మార్చుకుని, ఉర్దూను పరాయి భాష అన్నది. దక్కనులోనే పెరిగిన భాష దక్కనులో పరాయిదైంది.

2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా చేశాయి. ఇది హర్షణీయమే. అయితే చట్టం ఒక భాషను దఫ్తరులోకి తేగలదు గాని, ఎదుటివాని నోటి మాటను గౌరవించడం నేర్పలేదు. ఆ పని చేసినవారు వేరే ఉన్నారు. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యాన్ని తన సొంతం చేసుకున్నాడు. చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివారిలో ఒకడు. వీరికి ఏ దీవానూ ఆజ్ఞ ఇవ్వలేదు.

భాషల భిన్నత్వం అల్లాహ్ సూచనలలో ఒకటని, ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశం వినిపించాడని ఖుర్ఆన్ బోధిస్తుంది. అధికారం చేతిలో ఉన్నప్పుడు ఈ మాటను మరచినవారికి, అధికారం పోయిన నాడు దాని విలువ తెలిసింది. తెలుగులో ఇస్లాంను చదువుకునే నేటి తరం ఇద్దరికీ వారసులు: గేలికి గురైన తెలుగు వక్తకూ, ఉపాధి కోల్పోయిన ఉర్దూ మున్షీకీ. వీరిలో ఒకరి బాధను మాత్రమే గుర్తుంచుకోవడం చరిత్రకూ న్యాయం కాదు, ధర్మానికీ న్యాయం కాదు.