కాపలా కూలికి కరిగిన రాజ్యం



ఇంటికి కాపలా మనిషిని పెట్టుకున్నామనుకోండి. జీతం మనం ఇస్తాం, వాడు మాత్రం పక్కింటివాళ్ల మాటే వింటాడు. జీతం బాకీ పడితే ఆ పక్కింటివాళ్లే వచ్చి మన పొలం రాయించుకుంటారు. ఇదేం కాపలా అంటారు కదూ! నిజాం రాజ్యపు సైన్యం కథ ఇలాగే నడిచింది. మన సిద్దిపేట ఆ రాజ్యంలో మెదకు జిల్లా తాలూకా. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

మొదట్లో నిజాం అలీఖాన్ దగ్గర ఫ్రెంచి దొర రేమాండు తర్ఫీదిచ్చిన పటాలాలుండేవి, సుమారు 14 వేల మంది సిపాయీలు. రేమాండు 1798 మార్చిలో పోయాడు. హైదరాబాదులో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఈనాటికీ ఉంది. ఫ్రెంచివారంటే ఇంగ్లీషు కంపెనీకి గుబులు. ఆ సెప్టెంబరులోనే నిజాంతో ఒడంబడిక రాయించుకుంది. అక్టోబరులో యుద్ధం లేకుండానే ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించింది. వారి చోట కంపెనీ సైన్యం దిగింది. ఖర్చు మాత్రం నిజాందే. ఏటా 24 లక్షల రూపాయల పైమాటే!

రెండేళ్లు తిరగకుండానే, 1800లో, ఆ రొక్కానికి బదులు నేలనే ఇచ్చేశారు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీ పాలయ్యాయి. అవే దత్తమండలాలు. 1928లో వాటికి రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. చూశారా, సిపాయీల జీతం లెక్క తెలుగువాళ్ల నడుమ ఎలా గట్టు వేసిందో! మళ్లీ ఒక రాష్ట్రంలో కలవడానికి 1956 దాకా, అంటే 156 ఏళ్లు పట్టింది. 2014లో మళ్లీ వేరయ్యాం, అది వేరే కథ.

అంతటితో ఆగిందా? రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో ఇంగ్లీషు అధికారుల కింద మరో సైన్యం పెరిగింది. దానికే తర్వాత హైదరాబాదు కంటింజెంటు అని పేరు. జీతాలకు ఖజానా చాలక పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు తెచ్చారు. చివరకు 1853లో బేరారు, రాయచూరు, ధారాశివ్ ఇంగ్లీషువారి చేతికిచ్చారు. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి. పత్తి పండే బేరారు రాలేదు. 1902లో ఏటికి 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నారు.

జర్మనీలో హెస్సె-కాసెల్ అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు 1776లో తన సిపాయీలను అమెరికాలో యుద్ధానికని ఇంగ్లీషువారికి కిరాయికిచ్చాడు. ఆ సొమ్ముతో ఖజానా నింపుకున్నాడు. అక్కడ తల్లులు కొడుకులను పోగొట్టుకున్నారు. ఇక్కడ రాజే సైన్యాన్ని కిరాయికి తెచ్చుకుని నేల పోగొట్టుకున్నాడు. రెండు చోట్లా నష్టపోయింది రైతు కొంపే. నిజాం ఖజానాకు పెద్ద రాబడి భూమి శిస్తే కదా!

ఆ సైన్యంలో మంచి సిపాయీలు లేరని కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు సూయజు, పాలస్తీనాల దాకా పోయి పోరాడారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వారి గుర్తుగా నిలిపిందే. తప్పు సిపాయీది కాదు, ఎవరికోసం కాపలా అన్న దాంట్లోనే ఉంది.

దానికి జవాబు మన జిల్లాలోనే దొరుకుతుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు కలిసి పడ్డాయి. ఊరివాళ్లు తమ బురుజే తమకు కాపలాగా చేసుకుని ఎదిరించారు. తొంభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. శిస్తు కట్టిన ఊరి మీదకే శిస్తుతో బతికిన బలగం వచ్చింది! సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదరికి లొంగిపోయాడు. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

మీ పిల్లలు చరిత్ర పుస్తకంలో ఒడంబడికల తేదీలు బట్టీ పడుతుంటే కాసేపు పక్కన కూర్చోండి. "ఆ కాపలా ఎవరికిరా, ఆ జీతం ఎవరి చేనిదిరా?" అని అడిగి చూడండి.