బదనికకు పాలిచ్చిన దాది

మా పెరటి మామిడి కొమ్మ మీద ఏటా ఒక మొక్క పూసేది. గోధుమరంగు గళ్ళ రేకులు, మధ్యలో ఊదా నాలుక. అమ్మమ్మ దాన్ని బదనిక అనేది. చెట్టు సారమంతా పీల్చేస్తోందని ఒక ఏడు పనివాడి చేత పీకించి దిబ్బలో వేయించింది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో, 1795లోనే, బొమ్మతో సహా అచ్చు వేయించిన ఆర్కిడ్ అదేనని నాకు వృక్షశాస్త్రం చదివాక తెలిసింది. అది మామిడి రసం చుక్క కూడా తాగదనీ తెలిసింది. చెట్టు దానికి కూర్చోను చోటిస్తుంది, అంతే. పసితనంలో తిండి పెట్టే దాది వేరే ఉంది.

ఆర్కిడ్ కాయ ఎండి పగిలాక నల్ల కాగితం మీద దులిపి చూడండి, పౌడరు రాలినట్టుంటుంది. ఒక్కో కాయలో వేల గింజలు, కొన్ని జాతుల్లో లక్షలు. శనగగింజ మొలకకు తన పప్పే తొలి తిండి. ఈ గింజలో అలా దాచుకున్నది దాదాపు ఏమీ లేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ధనికులు వేలంపాటల్లో ఆర్కిడ్ల మీద డబ్బు గుమ్మరించారు. వాటి కోసం దక్షిణ అమెరికా అడవుల్లో చెట్లకు చెట్లే కొట్టించారు. ఇంత చేసినా గింజ మొలిపించడం చేతకాలేదు. 1849లో డబ్లిన్ దగ్గరి గ్లాస్నెవిన్ తోట నుంచి డేవిడ్ మూర్ తాను మొలిపించినట్టు రాశాడు. ఎక్సెటర్‌లో వీచ్‌ల నర్సరీలో జాన్ డోమినీ పెంచిన సంకర ఆర్కిడ్ 1856లో పూసింది. తోటమాలుల కిటుకల్లా ఒకటే: ఆర్కిడ్లు పెరుగుతున్న కుండీల్లోనే, వాటి వేళ్ళ దగ్గర గింజలు చల్లడం. ఎందుకలా మొలుస్తాయో వాళ్ళకు తెలియదు. చేతులకు తెలిసింది, అంతే. ఆ చేతులంటే నాకు గౌరవం.

కారణం 1899 మే 3న దొరికింది. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్‌కు అప్పుడు పాతికేళ్ళు. సైనిక సేవలో ఉంటూ పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలో తిరుగుతున్నాడు. అక్కడ పక్షిగూడు ఆర్కిడ్ అని ఒకటుంటుంది. ఒంట్లో పచ్చదనం ఉండదు, వేళ్ళు గూటి పుల్లల్లా అల్లుకుని ఉంటాయి. దాని పాత పూకాడ ఒకటి రాలిన ఆకుల కింద పూడిపోయి కనిపించింది. కాయలు విప్పి చూస్తే గింజలు లోపలే మొలకెత్తి ఉన్నాయి. ఆ మొలకల్లో శిలీంధ్రం!

మా కాలేజీ మైక్రోస్కోపులో ఒక ఆర్కిడ్ వేరు పొరను నేను చూసిన రోజు మరిచిపోలేను. ఒక్కో కణంలో శిలీంధ్రపు పోగులు నూలుండల్లా చుట్టుకుని ఉన్నాయి. పసిమొలక ఆ ఉండల్నే అరిగించుకుని పెరుగుతుంది. దాది ఈ శిలీంధ్రమే. దిబ్బలో పడేసిన మా బదనిక గుర్తొచ్చింది.

బెర్నార్ ఆర్కిడ్లలోని శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచి, దానితో గింజలు మొలిపించి చూపాడు. 1911లో క్షయతో పోయాడు, 36 ఏళ్ళకే. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అగర్ అనే జెల్లీలో చక్కెర కలిపి, శిలీంధ్రం లేకుండానే మొలకలు తీశాడు. అప్పటినుంచి నర్సరీ మొక్కలు సీసాల్లో పుడుతున్నాయి, దాది సంగతి జనం మరిచిపోయారు.

అడవిలో సీసాలుండవు. అరకు, అనంతగిరి వెళ్ళినవాళ్ళు కొమ్మ మీది ఆర్కిడ్‌ను ఒలిచి సంచిలో వేసుకొస్తుంటారు. పెద్ద మొక్క కుండీలో బతికితే బతకొచ్చు. దాని గింజ మొలవడానికి మాత్రం ఆ బెరడు, ఆ నాచు, వాటిలో ఉన్న శిలీంధ్రం కావాలి. దయచేసి పీకకండి. మళ్ళీ చూడాలనిపిస్తే వచ్చే ఏడు ఆ చెట్టు కిందికే వెళ్ళండి.