ఝండాపూర్‌కు తిరిగి వెళ్ళిన నాటిక

స్వతంత్ర నాటక బృందాన్ని అణచడానికి ప్రభుత్వ నిషేధాజ్ఞ ఒక్కటే మార్గం కాదు. ఈ దేశంలో దానికంటె చౌకైనది, జవాబుదారీ తక్కువైనది మరొకటి ఉన్నది: స్థానిక పెత్తందారు చేతి కర్ర. ఢిల్లీలోని జన నాట్య మంచ్ చరిత్ర ఈ రెండో మార్గాన్ని మనకు స్పష్టంగా చూపుతుంది.

1973లో ఏర్పడిన ఈ బృందం తొలి ఏళ్ళలో వేదిక కట్టి, దీపాలు అమర్చి పూర్తి నిడివి నాటకాలే ఆడింది. అత్యవసర పరిస్థితి ఆ పనికి అడ్డు తగిలింది. 1977 తరువాత తిరిగి కూడదీసుకునేసరికి, వారిని పిలిచి ఆడించే కార్మిక సంఘాల దగ్గర డబ్బు లేదు. పెద్ద నాటకానికి స్థోమత చాలకపోతే చిన్న నాటికతో ప్రజల వద్దకు పోదామని బృందం నిర్ణయించుకుంది. తరువాతి కాలంలో సిద్ధాంతంగా చర్చకు వచ్చిన వీధి నాటిక, ఇక్కడ మాత్రం ఖర్చుల లెక్కలోనుంచి పుట్టింది.

1978 నాటి ‘మెషీన్’ అందుకు తొలి ఫలం. ఘాజియాబాద్ ప్రాంతంలోని ఒక కర్మాగారంలో కార్మికులు అడిగినవి రెండే: సైకిళ్ళు నిలుపుకోవడానికి ఒక షెడ్డు, టీ తాగడానికి ఒక క్యాంటీను. ఆ కోరికలకు జవాబుగా తుపాకులు పేలాయి, ఆరుగురు మరణించారు. పదమూడు నిమిషాల ఆ నాటికలో నటుల దేహాలే యంత్రభాగాలు. వారి కదలికే యంత్రం నడక. అది ఆగినప్పుడు, ఎందుకు ఆగిందన్న ప్రశ్న మొదలవుతుంది. అదే ఏడాది నవంబరులో తల్కటోరా స్టేడియంలో కార్మిక ప్రతినిధులు వేల సంఖ్యలో దానిని చూశారు. బస్సు చార్జీల పెంపు మీద, స్త్రీల స్థితి మీద నాటికలు వెంట వెంటనే వచ్చాయి. పదేళ్ళలో ప్రదర్శనల సంఖ్య సుమారు 4,000కు చేరింది. 1988లో ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా హబీబ్ తన్వీర్ దర్శకత్వంలో ‘మోటేరామ్ కా సత్యాగ్రహ్’ ఆడింది కూడా ఈ బృందమే. నినాదం తప్ప కళ తెలియనివారన్న నింద వారికి చెల్లదు.

1989 జనవరి 1న సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలోని ఝండాపూర్‌లో ‘హల్లా బోల్’ ప్రదర్శన నడుస్తున్నది. అవి పురపాలక ఎన్నికల రోజులు. కాంగ్రెస్ మద్దతుగల అభ్యర్థి, అతని అనుచరులు ఇనుప కడ్డీలతో, ఆయుధాలతో విరుచుకుపడ్డారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు హతుడయ్యాడు. తలకు తీవ్రంగా దెబ్బలు తగిలిన సఫ్దర్ హాష్మీ మరునాడు కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 34.

జనవరి 4న సఫ్దర్ భార్య మొలయశ్రీ, తోటి నటులు అదే చోటికి వెళ్ళి, ఆగిపోయిన నాటికను పూర్తిగా ఆడారు. వేలమంది చుట్టూ నిలబడి చూశారు. దీనిని వ్యక్తిగత ధైర్యంగా మాత్రమే కీర్తించడం చాలదు. పాత్రధారి లేకుంటే మరొకరు ఆ పాత్ర వేయగలగడం, దుఃఖంలోనూ సమయానికి బయలుదేరగలగడం పదేళ్ళ సామూహిక శిక్షణ ఫలం. నాయకుడిని చంపితే బృందం చెదురుతుందన్న హంతకుల లెక్క తప్పినది ఇక్కడే.

న్యాయం మాత్రం అంత త్వరగా కదలలేదు. ఘాజియాబాద్ కోర్టు దోషులకు జీవిత ఖైదు విధించింది 2003లో. అంటే హత్య జరిగిన 14 ఏళ్ళకు.

నాటకంపై నిషేధాల చరిత్ర మనకు కొత్తది కాదు. వలస ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా మద్రాసు ప్రభుత్వం ప్రజా నాట్యమండలి ఆడిన ‘మా భూమి’ని నిషేధించింది. 1876 నాటి చట్టం కేంద్ర శాసనాల పుస్తకం నుంచి తొలగడానికి 2018 దాకా పట్టింది. ఆ రద్దు మంచిదే. కాని ఝండాపూర్‌లో నాటికను ఆపినది ఆ చట్టం కాదు. ప్రేక్షకుల మధ్యకు కర్రతో రాగలిగినవాడి ధీమా, తనను ఎవరూ వెంటనే అడగరన్న నమ్మకం ఆపాయి. ఆ నమ్మకాన్ని ఏ రద్దు బిల్లూ తొలగించదు.

ప్రజల విరాళాలతో నడిచే జన నాట్య మంచ్ ఏటా జనవరి 1న ఝండాపూర్‌కు వెళ్ళి ఆడుతూనే ఉన్నది. 2012లో పశ్చిమ ఢిల్లీలో స్టూడియో సఫ్దర్ పేరిట ఒక చిన్న ప్రదర్శనశాలను కూడా నిలబెట్టుకున్నది. భావప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడే రాజకీయ పక్షాలు తమ కార్యకర్త చేతి కర్రకు కూడా జవాబు చెప్పేదాకా, ఇటువంటి బృందాలకు రక్షణ వాటి చుట్టూ వలయంగా నిలిచే ప్రేక్షకులే.