వీధి పిల్లి మీదికొస్తోందా? రక్కితే ‘పిల్లే కదా’ అని వదిలేయొద్దు

కుక్క కరిస్తే ఆస్పత్రికి పరిగెత్తే మనమే, పిల్లి రక్కితే ఇంత పసుపు అద్ది ఊరుకుంటాం. ప్రమాదమంతా అక్కడే ఉంది. పిల్లి ద్వారా కూడా రేబిస్ సోకుతుంది. టీకా ఇచ్చే పద్ధతి కుక్కకైనా పిల్లికైనా ఒకటే. ఆలేరు లాంటి పట్టణంలో ఎవరింటిదీ కాని పిల్లి ప్రతి గల్లీలో కనిపిస్తుంది. అది ఈమధ్య గుర్రుమంటూ మీదికొస్తుంటే ఏం చేయాలో తెలుసుకోండి.

కోపం ఎందుకు?

ముందు పిల్లలున్నాయేమో చూడండి. సజ్జ మీద, మెట్ల కింద, పాత కూలర్‌లో, కట్టెల మోపు వెనక పెడుతుంది. నిన్నటిదాకా కాళ్ల చుట్టూ తిరిగిన పిల్లి ఒకేచోట కాపు కాస్తూ బుసకొడుతుంటే చాలావరకు కారణం అదే. కొన్నాళ్లు ఆ వైపు వెళ్లకండి. రెండు నెలలకు పిల్లలు పాలు మానేస్తాయి, తల్లి కూడా నెమ్మదిస్తుంది. మగ పిల్లుల కొట్లాటలు, దెబ్బ తగిలిన నొప్పి, కుక్క తరిమిన బెదురు కూడా కారణాలే. బెదిరిన పిల్లి పక్కనున్న మనిషిని రక్కేస్తుంది.

చాలాసార్లు దారి మూసేది మనమే. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వంటింట్లో దూరితే తలుపు తీసిపెట్టి మీరే పక్కకు తప్పుకోండి, అదే వెళ్లిపోతుంది.

వీధిలో ఎదురైనప్పుడు చెవులు వెనక్కి అణిచి, తోక విసురుగా ఆడిస్తుంటే ఆగిపోండి. కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి జరగండి. చేతిలో సంచి ఉంటే కాళ్లకు అడ్డం పెట్టుకోండి, దాంతో కొట్టొద్దు. రెండు పిల్లులు కొట్లాడుతుంటే చేయి పెట్టకుండా దూరం నుంచి నీళ్లు చల్లండి.

చొంగ కారుస్తూ, తూలుతూ, ఏ కారణం లేకుండా వెంటపడి కరుస్తుంటే మాత్రం దగ్గరికి పోవద్దు. పిల్లలను లోపలికి పంపి, మున్సిపల్ ఆఫీసుకు, పశువైద్యశాలకు చెప్పండి.

రక్కినా, కరిచినా..

వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ 15 నిమిషాలు. తర్వాత బెటాడిన్ లాంటిది రాయొచ్చు. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు వద్దు. కట్టు కట్టొద్దు.

పిల్లి కోరలు సన్నగా, సూదుల్లా ఉంటాయి. పైకి చిన్న చుక్కలా కనిపించినా గాటు లోతుగా దిగుతుంది. చేతి మీద కరిస్తే ఒక్క రోజులోనే వాచి చీము పట్టొచ్చు. యాంటీబయాటిక్, ధనుర్వాతం టీకా అవసరమా అన్నది డాక్టరు చెబుతారు.

రక్తం రాకుండా చర్మం గీరుకుపోతే రేబిస్ టీకా చాలు. రక్తం వస్తే, చిన్న చుక్కైనా సరే, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. చాలామందికి తెలియనిది ఇదే, కాబట్టి మీరే అడగండి. ముందు ఆలేరు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ లేదంటే భువనగిరి జిల్లా ఆస్పత్రి, అదీ కాకుంటే హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం. ఇమ్యునోగ్లోబ్యులిన్ కోసం ఎదురుచూస్తూ టీకా ఆపొద్దు. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపు దాన్ని ఇవ్వొచ్చు.

చర్మంలోకి ఇచ్చే టీకాకు 0, 3, 7, 28 రోజులు. కండకు ఇస్తే 14వ రోజు కూడా కలుస్తుంది. ‘0’ అంటే కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. గర్భిణులు, బాలింతలు కూడా వేయించుకోవచ్చు. గతంలో పూర్తి కోర్సు తీసుకున్నవారికి 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. కార్డు దాచుకోండి.

పిల్లి పది రోజులు ఆరోగ్యంగా కళ్లముందే ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అయితే ఆ పది రోజులు చూశాక టీకా వేయించుకుందామని ఆగకూడదు. కరిచింది అదే పిల్లో కాదో తెలియకపోతే కోర్సు పూర్తి చేయాల్సిందే.

పట్టి వదిలేస్తే?

గోనెసంచిలో కట్టి కొలనుపాక రోడ్డులో వదిలేద్దామని కొందరికి తోస్తుంది. పట్టబోయినప్పుడే ఎక్కువగా కరుస్తుంది. పైగా అది తిరిగి రావచ్చు, లేదా చెత్త దొరికినంతకాలం ఆ చోటికి ఇంకోటి వస్తుంది. తల్లిని తీసుకెళ్తే పిల్లలు ఆకలితో చస్తాయి. విషం పెడితే నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు.

పనికొచ్చేవి వేరే ఉన్నాయి. చెత్తడబ్బాకు మూత పెట్టండి. చేపల, చికెన్ వ్యర్థాలు బయట పడేయొద్దు. అన్నం పెట్టేవాళ్లుంటే పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా పెట్టమనండి. పెంపుడు పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకల్లా మళ్లీ వేయించాలి. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే మగ పిల్లుల కొట్లాటలు బాగా తగ్గుతాయి.

మున్సిపాలిటీకి ఇచ్చే అర్జీలో పిల్లి తిరిగే చోటు, ఎందరిని కరిచిందీ, తేదీలు రాయండి. ఆస్పత్రి చీటీ నకలు జతచేయండి. స్పందన లేకపోతే సోమవారం భువనగిరి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.